చదివినట్టు గుర్తు

జూన్ 9

పొద్దున ఆరింటికి ల్యాబు తెరిచాం. పదకొండింటికి వేడి గంట కొడతారు. ఆ తర్వాత నాలుగు దాకా వీధిలో మనిషి తిరగకూడదు. ఉన్న అయిదు గంటల్లోనే పరీక్షకి వచ్చిన చేతి పలకలన్నీ చూడాలి. ఇవాళ తొమ్మిది వచ్చాయి. ఎనిమిది మామూలువే. తొమ్మిదోది నక్కలంకలో బాతులు మేపుకునే నాంచారమ్మది.

లంక ఖాళీ చేసి మెట్ట కాలనీకి పోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఆమె పలక మీద వేలు పడింది. తాను నొక్కలేదని ఆమె అంటోంది. ఆ సమయానికి గాలివానలో బాతులు చెదిరిపోతుంటే వాటి వెంట పరిగెత్తుతున్నానని, పలక గట్టు మీద గంపలో ఉందని తీర్పులు చెప్పే మండలి ముందు చెప్పుకుంది. వాళ్ళు నవ్వారట. మనిషి మాటకీ పలక మాటకీ పొంతన కుదరనప్పుడు పలక మాటే చెల్లుతుందని ఆమె బాతులకి కూడా తెలుసు.

మా పద్ధతి ప్రకారం చేశాం. సంచి మీద లక్క ముద్ర చూసుకుని, కబురేదీ లోపలికి రాకుండా పలకను జాలీ పెట్టెలో పెట్టి, దానికి నకలు తీశాం. అసలు పలకను సాక్ష్యాలు దాచే మాల్ఖానాకి పంపేశాం. పని చేసేది ఎప్పుడూ నకలు మీదే. నేను ముగింపు వాక్యం రాసేయబోతుంటే షంషాద్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. నాతో నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. పలక విప్పడంలో నాకన్నా దాని చెయ్యే తేలిక.

"అక్కా, నాంచారమ్మకి ఎన్ని చేతులుంటాయి?"

"అందరికీ ఎన్నో అన్ని."

"మరి ఏడు వేళ్ళు ఒకేసారి పెట్టి, ఏడింటినీ కిందికే ఎట్టా జార్చింది?"

తాకిడి చిట్టా చూపించింది. ప్రతి పలకా తన మీద ఎక్కడ, ఎంతసేపు, ఎంత వెడల్పున వేలు పడిందో లోపల రాసుకుంటూనే ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. మండలి అడగదు, మేమూ ఇవ్వం.

"మనల్ని అడిగింది నొక్కు పడిందా లేదా అని. పడింది. అంతవరకే రాయి" అన్నాను.

"ఎవరు నొక్కారని అడగలేదా?"

అప్పుడే వేడి గంట కొట్టారు. అందరం నేలమాళిగలోకి దిగాం. ఈ నోటుబుక్కు తెచ్చుకుని అక్కడే కూర్చుని రాస్తున్నాను. పలకలో రాస్తే అది మండలి సొత్తు అవుతుంది. కాగితం మీదైతే నాదే.

జూన్ 10

షంషాద్ వదల్లేదు. పాత సామాను గదిలోంచి నాంచారమ్మ పలక లాంటిదే, ఏడో రకానిది, వాడి అరిగిపోయినది తెచ్చింది. కుళాయి నీళ్ళు చిలకరించాం. ఏమీ కాలేదు. తయారుచేసినవాళ్ళ ధ్రువపత్రంలో ఉన్నదే అది, నీటి చుక్కను వేలుగా తీసుకోదని.

"చూశావుగా" అన్నాను.

"లంకలో పడేది కుళాయి నీళ్ళు కాదుగా అక్కా" అంటూ వెనకవైపు ఉప్పుటేటికి దిగి ఒక డబ్బా నీళ్ళు తెచ్చింది. పలకను గోడకి ఆనించి, మొక్కలకు పోసే జల్లెడ మూతి డబ్బాతో పైనుంచి వానలాగా పోసింది.

పలక వెలిగింది. ఒక కిటికీ తెరుచుకుంది, మూసుకుంది, ఇంకొకటి తెరుచుకుంది. మూడో నిమిషంలో షంషాద్ పెట్టిన ఉత్తుత్తి ఒప్పందం మీద 'ఒప్పుకుంటున్నాను' అని పడింది. మేమిద్దరం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాం.

కొత్త పలకతో చేస్తే కాలేదు. అరిగినదానితోనే అవుతోంది. ఉప్పుగాలికి పైపూత పోతుంది. ఆపైన సముద్రం మీంచి గాలివాన కొట్టిందంటే జారే ప్రతి చుక్కా ఒక వేలే.

షంషాద్ సంతోషంతో గెంతింది. "ఆమె లంక ఆమెకి ఉంటుంది అక్కా!"

నాకూ సంతోషం వేయాలి. వేయలేదు. ఏడో రకం పలక, ఉప్పువాన, జారిన వేళ్ళు. వీటిని నేను ఇంతకుముందు ఒకచోట చూశాను.

జూన్ 11

రాయకుండా తప్పించుకుందామని చూశాను. కుదరడం లేదు.

ఎనిమిదేళ్ళ కిందట కరకట్ట తొమ్మిదో తలుపు దగ్గర కొమ్ము సంసోను అనే లస్కరు ఉండేవాడు. సముద్రం పొంగితే ఆ తలుపు మూయడం అతని పని. ఆ తుఫాను రోజు మధ్యాహ్నం రెండూ పదికి 'తలుపు మూసెయ్యి' అని అతని పలకకి ఆజ్ఞ వెళ్ళింది. అతను మూసింది మూడూ అయిదుకి. ఆలోపు నీళ్ళు కిందవీధుల్లోకి దూకాయి. నలభై ఒక్కమంది పోయారు. ఇరవై ఏడు ఇళ్ళవాళ్ళు. కిందవీధి బడిలో ఉన్న అతని కూతురు, ఆరేళ్ళ పిల్ల, ఆ నలభై ఒక్కమందిలో ఉంది.

పలక మోగలేదని, ఆజ్ఞ చూడలేదని అతను చెప్పాడు. తలుపు జాలీకి గుర్రపుడెక్క మొక్కలు అడ్డం పడితే అరవై అడుగుల దూరంలో నడుములోతు నీళ్ళల్లో నిలబడి లాగుతున్నానని, పలక రేకుల షెడ్డు గుంజకి మేకు మీద వేలాడుతోందని చెప్పాడు. షెడ్డు పైరేకు గాలికి ముందే లేచిపోయిందట.

ఆ పలకను పరీక్ష చేసింది నేను. ఆజ్ఞ రెండూ పదికి తెరుచుకుంది. పలకలో సైరను మొదలైన రెండు సెకన్లకే వేలు జార్చి ఆపేసినట్టుంది. ఆజ్ఞ పక్కన 'చదివినట్టు గుర్తు' ఉంది.

సంసోను తరఫు లాయరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "తాకింది మనిషి వేలేనని మీరు చెప్పగలరా?"

"చెప్పగలను" అన్నాను.

పన్నెండేళ్ళు వేశారు. హాల్లో జనం ఏడుస్తూనే చప్పట్లు కొట్టారు. నాకు అప్పుడు ముప్పై ఒక్క ఏళ్ళు. బయటికొస్తుంటే ఎవరో ముసలాయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

జూన్ 12

పాత నకలు కావాలని మాల్ఖానాకి చీటీ పెట్టాను. చీటీ మా పెద్దాయన పరాంకుశం గారి దగ్గరికి పోయి ఆగింది. ఆయన పిలిచారు. ఈ ల్యాబు పెట్టిన రోజునుంచీ ఉన్నారు. వచ్చే ఏడు దిగిపోతారు. నాకు పని నేర్పింది ఆయనే.

"కూర్చో హైమా. తొమ్మిదో తలుపు నకలు ఎందుకు?"

చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"బాతులావిడ రిపోర్టు రాయి. నేను సంతకం పెడతాను. ఆమె పలక వరకే రాయి. ఏడో రకమంతా ఇంతేనని రాయకు."

"ఏడో రకమంతా ఇంతే కదండీ."

"ఆ రకం మీద మనం ఇచ్చిన రిపోర్టులు ఎన్నో తెలుసా? పన్నెండు వందల పైచిలుకు. ఒకటి కదిపితే అన్నీ కదులుతాయి. రేపటినుంచి దొంగ కూడా వానే నొక్కిందంటాడు. జనానికి మిగిలిన నమ్మకం ఈ పలక ఒక్కటే హైమా. మనుషుల్ని నమ్మడం వాళ్ళు ఎప్పుడో మానేశారు."

"సంసోను ఇంకా లోపలే ఉన్నాడు."

"ఆ రిపోర్టు మీద నా సంతకం కూడా ఉంది" అన్నారాయన, గొంతు తగ్గించి. బెదిరింపులా అనలేదు. నాకు అదే కష్టమనిపించింది.

చీటీ మాత్రం చింపలేదు. కాసేపు చేతిలో తిప్పి, ముద్ర వేసి నా వైపు జరిపారు. "చూసుకో. చూశాక నిద్ర పట్టకపోతే నా దగ్గరికి రాకు."

జూన్ 13

చూశాను.

నాలుగు వేళ్ళు. నాలుగూ ఒకే క్షణంలో పలక పై అంచు దగ్గర మొదలై కిందికి జారాయి. మొదటిది ఆజ్ఞను తెరిచింది. రెండోది సైరను మీదుగా జారి దాన్ని ఆపేసింది. తర్వాత నలభై నిమిషాలపాటు పలక నిండా వేళ్ళే, వందల వేళ్ళు. ఆ వానలో అరవై అడుగుల అవతల, నీళ్ళ హోరులో, రెండు సెకన్ల సైరను ఏ మనిషికీ వినపడదు.

ఇంటికెళ్ళి అటక మీదినుంచి అప్పటి నా నోటుబుక్కులు దించాను. అప్పుడూ ఇలాగే కాగితం మీద రాసుకునేదాన్ని. ఆ పేజీ దొరికింది. నా దస్తూరీయే. 'తాకిడి చిట్టాలో నాలుగు గుర్తులు ఒకేసారి. వేలి వెడల్పు చాలా తక్కువ. ఎందుకు? చూడాలి.'

చూడాలి అని రాసి చూడలేదు. తెలియక జరిగిందని ఈ రెండు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇక ఆ మాట అనడానికి లేదు. మర్నాడు రిపోర్టు ఇవ్వాలి, ఊరంతా శవాలు, వీధుల్లో జనం సంసోను ఇంటి మీద రాళ్ళేస్తున్నారు. చదివాడా లేదా, ఒక్క మాటలో చెప్పండి అని మండలి అడిగింది. నేను ఒక్క మాటే చెప్పాను.

మా ఆయన కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. "ఏం దొరికింది?" అన్నాడు. పేజీ చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. "ఇది నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు కదా" అన్నాడు.

"లేదు."

"ఏం చేస్తావు?"

"అతికిస్తాను, రిపోర్టుకి."

ఆయన నిచ్చెన మడిచి లోపల పెట్టాడు.

జూన్ 16

రెండు రిపోర్టులు దాఖలు చేశాను. ఒకటి నాంచారమ్మది. రెండోది నా మీద నేను రాసుకున్నది. రెండోదాని చివర సంతకం పెట్టడానికి పరాంకుశం గారు పెన్ను తీసి, మూత పెట్టేసి, మళ్ళీ తీశారు. పెట్టారు.

"ఇది పెడితే నువ్వు ఇంకెప్పుడూ పరీక్షకి పలక ముట్టుకోలేవు. ఒక్క రిపోర్టు తప్పని తేలిన పరీక్షకురాలిని చట్టం ఒప్పుకోదు" అన్నారు.

"తెలుసండీ."

షంషాద్ నా బల్ల మీది సామాను సర్దుతూ ఏడ్చింది. తనే తెచ్చిపెట్టిందట ఇదంతా. "నువ్వు తేకపోతే నేను ఇంకో పాతికేళ్ళు ఇలాగే రాసుకుంటూ పోయేదాన్ని" అని చెప్పాను. దానికి అది ఓదార్పులా అనిపించలేదు.

జూన్ 21

మండలి తీర్పు రావడానికి నెల పడుతుందన్నారు. ఆగలేకపోయాను. సంసోను ఉన్న ఉప్పుమళ్ళ ఖైదీల శిబిరానికి పొద్దుటి పడవ ఎక్కాను. మూడు గంటల ప్రయాణం. కింద మునిగిన ఊళ్ళ నీళ్ళట్యాంకుల తలలు ఇప్పటికీ పైకి కనిపిస్తాయి. వాటి మీద కొంగలు కూర్చుని ఉన్నాయి.

సంసోనుని పందిట్లోకి తీసుకొచ్చారు. గుర్తుపట్టలేదు నేను. అప్పుడు ఎత్తుగా, నిటారుగా ఉండేవాడు. ఇప్పుడు మెడ ముందుకు వాలింది. కనురెప్పలు సగం మూసుకుని, మాట వచ్చిన వైపు చెవి తిప్పుతున్నాడు. ఎనిమిదేళ్ళు తెల్లటి ఉప్పు మీద ఎండ చూసిన కళ్ళు అవి.

"ఎవరమ్మా?"

"హైమవతిని. మీ పలక చూసి సాక్ష్యం చెప్పాను."

"ఆఁ. పసుపు చీర కట్టుకున్న అమ్మాయి."

ఆ రోజు ఏ చీర కట్టుకున్నానో నాకు గుర్తులేదు.

చెప్పాల్సినది పడవలో ఎన్నోసార్లు కూడబలుక్కున్నాను. అక్కడ అదేమీ రాలేదు. "మీరు ఆజ్ఞ చదవలేదు. వాన తాకితే తెరుచుకుంది. సైరను కూడా వానే ఆపింది. నేను అప్పుడే చూడాల్సింది, చూడలేదు" అని గబగబా చెప్పేశాను.

అతను చెవిని నా వైపు ఇంకాస్త వంచాడు.

"నేను చదవలేదా?"

"లేదు."

"కచ్చితంగానా అమ్మా? మళ్ళీ మార్చి చెప్పవుగా?"

"చెప్పను."

అతను చేతులు రెంటినీ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

"మొదటి రెండేళ్ళు నేను చదవలేదనే అన్నానమ్మా. దేవుడికి కూడా అదే చెప్పా. తర్వాత తర్వాత అనుమానం పట్టుకుంది. పలక అబద్ధమాడదు కదా. ఒడ్డుకెక్కి చూసి మర్చిపోయానేమో. ఇంకో అయిదు నిమిషాలు ఆగి మూద్దామనుకున్నానేమో. ఆలోచించగా ఆలోచించగా చూసినట్టే కనపడసాగింది. పలక చేతిలో ఉన్నట్టు, అక్షరాలు ఎర్రగా ఉన్నట్టు. అవి ఎర్రగానే ఉంటాయిగా?"

"అవునండీ."

"అది కూడా నాకు తెలిసిపోయింది చూడు, చూడకుండానే."

నేను తల వంచుకున్నాను. అతనికి నేను కనపడనని తెలిసినా.

"అందుకని అందరికీ జాబులు రాయించానమ్మా. ఇక్కడ ఒక ఫాదరు వచ్చేవాడు, ఆయన చేత. ఇరవై ఆరు ఇళ్ళకి. నా బద్ధకం వల్ల మీవాళ్ళు పోయారు, నన్ను క్షమించండి అని. తొమ్మిది ఇళ్ళవాళ్ళు క్షమించామని తిరిగి రాశారు. ఒకావిడ పచ్చడి పంపింది." ఆగాడు. "ఇప్పుడు ఆ క్షమాపణల్ని నేనేం చేసుకోను?"

"ఇరవై ఏడు ఇళ్ళు కదా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. లెక్క సరిచూడటం నా వృత్తి.

"ఇరవై ఏడోది మాది. నా భార్య రూతుకి రాయలేకపోయా. పిల్లని చంపినవాడు తల్లికి ఏం రాస్తాడు? అది కూడా రాలేదు. ఒక్కసారి కూడా రాలేదమ్మా, ఈ ఎనిమిదేళ్ళలో. దాని తప్పేం లేదు. పలక చెప్పింది, మండలి చెప్పింది, చివరికి నేనే ఒప్పుకున్నానని దానికి తెలిసే ఉంటుంది."

నేను ఏమైనా చేయగలనా అని అడిగాను. సిగ్గుగానే అడిగాను. అతను ముఖం నా వైపు తిప్పాడు.

"చెయ్యొచ్చు. నా జాబులు వెళ్ళిన ప్రతి ఇంటికీ నువ్వు ఒకటి రాయి. నీ చేత్తో, కాగితం మీద. పలకలో పంపొద్దు. నీ కాళ్ళతో పోయి ఇచ్చి రా. వాళ్ళు తిడితే నిలబడి విను."

"మీరు నన్ను..."

"అది అడగొద్దమ్మా" అన్నాడు అతను, మెల్లగా. "క్షమించమని అడిగి అడిగి నాకు ఆ మాటంటేనే విసుగొచ్చింది."

జూలై 8

పద్నాలుగు ఇళ్ళు అయ్యాయి. ఒక్కో ఉత్తరం రాయడానికి ఒక పూట పడుతోంది. రోజుకి ఒక్క ఇల్లే తిరగగలుగుతున్నాను, వేడి గంటకి ముందు.

కొందరు చదివి లోపలికి పోయారు. ఒకాయన కాగితాన్ని నా ముందే నాలుగు మడతలు పెట్టి తలుపు సందులో దోపాడు, గాలికి తలుపు కొట్టుకోకుండా. ఒక తల్లి మాత్రం గట్టిగా అరిచింది. "ఎనిమిదేళ్ళు ఒకడిని తిట్టుకుని బతికాం. ఇప్పుడు ఎవరిని తిట్టాలి? వాననా?"

"నన్ను తిట్టండి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు తలుపు దగ్గర లేవుగా" అని ముఖం తిప్పుకుంది. దానికంటే తిట్టినా బాగుండేది.

అప్పట్లో నా చేతులు కళ్ళకద్దుకున్న ముసలాయన ఇంటికి కూడా వెళ్ళాను. ఆయన పోయి మూడేళ్ళయిందట. కోడలు ఉత్తరం తీసుకుంది. సంసోనుకి పచ్చడి పంపింది ఆవిడేనట. "ఆయన్ని క్షమించడానికి మా మామగారు ఒప్పుకోలేదండీ. నేను చాటుగా పంపాను" అంది. మంచినీళ్ళు ఇచ్చింది.

జూలై 19

మండలి తీర్పు వచ్చింది. నాంచారమ్మ ఒప్పందం రద్దు. ఏడో రకం పలకల మీది రిపోర్టులన్నీ మళ్ళీ చూస్తారట. షంషాద్‌కి కనీసం రెండేళ్ళ పని. పరాంకుశం గారు తీర్పు దాకా ఆగకుండా ముందే దిగిపోయారు. ఫోను చేస్తే "మొక్కలు పెంచుకుంటున్నాను" అన్నారు.

నా గుర్తింపు బిళ్ళ వెనక్కి తీసుకున్నారు. విచారణలో మండలి పెద్ద నన్ను అడిగింది. "ఆనాడు 'చెప్పలేను' అని ఎందుకు అనలేదు?"

"అంటే నాకు పని రాదనుకుంటారని భయం వేసింది" అన్నాను. అది నిజం. అంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటుందేమోనని చాలా వెతికాను. లేదు.

సంసోను శిక్ష కొట్టేశారు. ఇరవై ఏడో తారీఖు పొద్దున విడుదల. కళ్ళు బాగుపడవని డాక్టరు రాశాడు. ఎనిమిదేళ్ళ గురించి తీర్పులో ఒకే వాక్యం ఉంది, విచారం వ్యక్తం చేస్తూ.

జూలై 26

ఇరవై ఆరు ఉత్తరాలూ ఇచ్చేశాను. ఇరవై ఏడోది అతను రాయమనలేదు. అతని జాబు వెళ్ళని ఇల్లు అది. అయినా రాశాను. రూతమ్మ కోసం వారం రోజులు వెతికాను. రాళ్ళు పడ్డాక ఊరు విడిచి మెట్ట మీద నేత షెడ్లకి పోయిందన్నారు. ఇవాళ పొద్దున దొరికింది.

మగ్గం ముందు కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది. పేరు చెప్పగానే నేనెవరో పోల్చుకుంది. చేతిలో కండె ఆపలేదు.

"మళ్ళీ ఏం సాక్ష్యం చెప్పడానికొచ్చారు?"

ఉత్తరం చేతికిచ్చాను. తీర్పు సంగతి ఇక్కడిదాకా రాలేదు. ఆమెకి పలక లేదట. కూతురు పోయిన ఏడే కాలవలో విసిరేసిందట, జరిమానాలు వేసినా మళ్ళీ తీసుకోలేదట. గుమ్మం దగ్గర వెలుతురులోకి వెళ్ళి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చింది. అప్పుడు గోడ పట్టుకుని అలాగే కిందికి కూర్చుండిపోయింది.

"మోగలేదు రూతూ అన్నాడు నాతో. పోలీసులు తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి ఆ ఒక్క మాటే అన్నాడు. మోగలేదు రూతూ." ఆమె ఏడవడం లేదు. ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు చెబుతోంది. "పద్నాలుగేళ్ళు కాపురం చేశా. ఒక్కనాడు నాతో అబద్ధమాడిన మనిషి కాదు. అట్టాంటివాణ్ణి కాదనుకుని ఆ పలకను నమ్మా. మీరు నమ్మమన్నారని నమ్మా."

"అవునండీ" అన్నాను. "నేనే నమ్మమన్నాను."

"మీరు చెప్పారు సరే. నాకు తెలియొద్దా?"

ఇద్దరం గుమ్మంలో అలా ఉండిపోయాం, ఆమె నేల మీద, నేను నిలబడి. లోపల పక్క మగ్గాలు ఆగకుండా ఆడుతున్నాయి. అతను నిలబడి వినమన్నాడు కదా అని నిలబడ్డాను.

ఆమె ఉత్తరాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"రేపు విడుదలని, కళ్ళు పోయాయని రాశారు. అసలేం కనపడదా?"

"వెలుగు తెలుస్తుంది. మనిషి నీడలా తెలుస్తాడట. మాటని బట్టి గుర్తుపడుతున్నారు."

"నా మాట గుర్తుంటుందా?"

నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్ళూ అడిగినవాటికి తెలుసని చెప్పినదాన్ని. "తెలియదమ్మా" అన్నాను.

ఆమె లేచింది. మగ్గం మీద సగం నేసిన బట్టని చూసింది, నూలు తెగకుండా పక్కకి కట్టేసింది. మూలనున్న చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కొంగు భుజం మీదికి లాక్కుంది.

"శిబిరానికి పడవ ఎన్నింటికి?"

"రేపు పొద్దున అయిదింటికండీ. రేవు ఇక్కడికి చాలా దూరం."

"అయితే ఇప్పుడే బయల్దేరాలి" అంది రూతమ్మ, నన్ను దాటుకుని ఎండలోకి నడుస్తూ.